నోరు వదలని పాటలు

సంగీతాన్ని గురించి వ్రాయడానికి మీకేమి అర్హత వున్నదని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పడం కష్టమే. నాకు స్వరజ్ఞానం లేదు. రాగాల పేర్లు ఓ అరడజను తెలుసునుగాని, ఆ రాగాలే ఎదురుపడితే గుర్తుపట్టి పలకరించలేను. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. అయితే పాటలు విన్నాను. రేడియోలో విన్నాను, టేపురికార్డరులో రీలు చిక్కుపడితే పెన్సిలుతో చుట్టి మళ్లీ విన్నాను, శుక్రవారం రాత్రి దూరదర్శన్‌లో చిత్రలహరి కోసం పక్కింటి వసారాలో ముందుగానే చోటు పట్టుకుని విన్నాను, పెళ్లిపందిళ్ల మైకులు వద్దన్నా వినిపిస్తే విన్నాను. ఆ పాటి అర్హత చాలునని నా మనవి.

నేను చెప్పబోయేవి మహత్తరమైన పాటలేమీ కావు. మహత్తరమైన పాటను మనం వెళ్లి వెతుక్కుంటాం. కాళ్లు కడుక్కుని, కళ్లు మూసుకుని వింటాం. ఇవి అలాంటివి కావు. ఇవి మనల్నే వెతుక్కుంటూ వస్తాయి. పొద్దున పళ్లు తోముకుంటూ వుండగా ఎక్కడో ఒక ముక్క వినబడుతుంది. ఇక అంతే. స్నానంలో అదే, భోజనంలో అదే, ఆఫీసులో పెద్దాయన చీవాట్లు పెడుతూ వుంటే లోపల అదే. రాత్రి పక్కమీద వాలితే, మనకంటే ముందు అది పడుకుని వుంటుంది.

ఇలాంటి పాటను జర్మన్లు ‘చెవిపురుగు’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మనవాళ్లకు ‘చెవిలో జోరీగ’ అన్న పలుకుబడి ఎప్పటినుంచో వున్నది గాని, దానిని ఎందుకో పాటకు కట్టలేదు, అప్పులవాళ్లకూ చుట్టాలకూ కట్టారు. పాశ్చాత్యులు ఈ పురుగును పట్టి పరీక్షించారు కూడా. ఇంగ్లండులో 2016లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం, మనసులో తిష్ఠవేసే పాటలు తరచు కాస్త వేగంగా నడుస్తాయి. వాటి ఎత్తుపల్లాలు అందరికీ అలవాటైన తీరులోనే వుంటాయి. కాని ఆ తీరులో ఎక్కడో ఒకచోట అనుకోని గెంతు వుంటుంది. తెలిసిన దారే, మధ్యలో ఒక తెలియని మలుపు. దానికి ఒక యేడు ముందు, 2015లో, అక్కడి రెడింగ్ విశ్వవిద్యాలయం వారు ఈ పీడకు విరుగుడు కూడా చెప్పారు. చూయింగ్ గమ్ నమిలితే తగ్గుతుందట! నోరు వేరే పనిలో పడితే లోపలి పాట నీరసిస్తుందని వారి తాత్పర్యం. ఈ లెక్కన భోజనానంతరం తాంబూలం వేసుకునే మన పెద్దలు ఎన్ని పాటలను నమిలి మింగేశారో పాపం!

ఇక నా పాటల సంగతి. వీటి ఎత్తుగడలు ఇక్కడ వ్రాయను. వ్రాస్తే మీరు తక్షణం పాడుకోవడం మొదలుపెడతారు, వ్యాసం చదవరు. సినిమా పేరూ, సందర్భమూ చెబితే చాలు; మిగతాది మీ నోరే చూసుకుంటుంది.

మొదటిది ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి భోజనం పాట. 1957లో వచ్చింది. పింగళి నాగేంద్రరావుగారి మాట, మాధవపెద్ది సత్యం గారి గొంతు, యస్.వి. రంగారావుగారి శరీరం. ఈ మూడింటిలో ఏది తీసేసినా ఆ పాట లేదు. వంటకాల పట్టీని పాటగా కట్టడం పెద్ద విశేషం కాదు. ఆ పట్టీ మధ్యలో నవ్వును పెట్టడం విశేషం. ఆ నవ్వుకు అర్థం లేదు, వ్యాకరణం లేదు, అయినా మూడేళ్ల పిల్లవాడు ముందు దానినే పట్టుకుంటాడు. ఈ నవ్వు వరసకు చుట్టరికం చాలా దూరంలో వున్నదని చెప్పేవారున్నారు. అమెరికాలో బానిసగా పుట్టి, న్యూయార్కు వీధుల్లో ఈలవేస్తూ పొట్టపోసుకున్న జార్జి డబ్ల్యు. జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు 1890 ప్రాంతాల్లో ఒక నవ్వుల పాట రికార్డు యిచ్చాడు. అదే వరసమీద 1922లో ఇంగ్లండులో చార్లెస్ పెన్‌రోజ్ ఒక నవ్వే పోలీసు పాట పాడాడు. ఆ రికార్డునూ మన ఘటోత్కచుణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టి వినండి. పోలిక మీకే తెలుస్తుంది. వీధిలో ఈల వేసుకున్నవాడి నవ్వు ఎక్కడెక్కడో తిరిగి హిడింబి కొడుకు నోటికి చేరిందంటే, నోరు వదలని పాటకు ఓడ టిక్కెట్టు అక్కరలేదన్నమాట.

రెండవది ‘రోజులు మారాయి’లో ఏరువాక పాట. 1955. కొసరాజు రాఘవయ్యచౌదరిగారు వ్రాశారు, మాస్టర్ వేణు వరస కట్టారు, జిక్కి పాడారు, అప్పటికింకా పేరులేని వహీదా రెహమాన్ ఆడారు. జ్యేష్ఠ పున్నమినాడు ఎడ్లకు పసుపుకుంకుమలు పెట్టి అరక కట్టే రైతు నోట వినబడే పాటలు కొసరాజుగారికి పుస్తకాల్లో దొరికినవి కావు. ఆయన బాపట్ల దగ్గర అప్పాపురంలో పొలాల మధ్య పుట్టినవారు. పాట ఎంతగా పట్టుకున్నదంటే, ఆ వరస మన పొలిమేర దాటి 1960లో ‘బొంబాయ్ కా బాబు’ అనే హిందీ చిత్రంలో సచిన్‌దేవ్ బర్మన్ చేతిలో తేలింది. తెలుగు నాగలి బొంబాయిలో దున్నిందన్నమాట.

మూడవది ‘మిస్సమ్మ’లో బృందావనం పాట. అదీ 1955 నాటిదే. సాలూరు రాజేశ్వరరావుగారి వరస, ఎ.యం. రాజా, సుశీలగార్ల గొంతులు. తెలిసినవారు దీనిని శుద్ధసావేరి అంటారు. అయిదే స్వరాలు. అయిదు స్వరాలతో అంత పందిరి వేయవచ్చునా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అదే కథను హిందీలో ‘మిస్ మేరీ’గా 1957లో తీసినప్పుడు, సంగీతం కట్టిన హేమంతకుమార్ వంతటివారు కూడా ఈ ఒక్క వరసను మాత్రం కదపకుండా వుంచేశారు. ఇల్లు మారినా తులసికోటను వెంట తీసుకుపోయినట్లు.

నాలుగవది ‘మూగమనసులు’లో గోదావరి గట్టు పాట. 1964. దాశరథిగారు వ్రాసింది. తెలంగాణా కవి గోదావరి గట్టున కూర్చుని వ్రాసినదానిని కోనసీమవారు తమ సొంతమనుకుంటారు; అనుకోనివ్వండి, గోదావరి యిద్దరిదీను. ఈ పాటను నేను తరగతిలో పాఠంగా చెబుతాను. ఎందుకో తరువాత మనవి చేస్తాను.

అయిదవది ‘కులగోత్రాలు’లో పేకాట పాట. 1962. ఆట ముగిసి జేబులు తడుముకునేవాళ్ల పాట. మళ్లీ కొసరాజుగారే; మాధవపెద్దీ, పిఠాపురం నాగేశ్వరరావూ పాడారు. ఈ పాటతో నాకు ఒక రుణం వున్నది. అదీ తరువాతనే.

ఆరవది నా బాల్యానిది. 1992లో వచ్చిన ‘ఘరానా మొగుడు’లో కోడిపెట్ట పాట. భువనచంద్ర మాట, కీరవాణి వరస. ఆ యేడు మా వూళ్లో సోడా బండి దగ్గర, కిళ్లీ బడ్డీ దగ్గర, వినాయకుడి పందిట్లో కూడా అదే. విఘ్నేశ్వరుడు ఏమనుకున్నాడో తెలియదు. పదిహేడేళ్ల తరువాత, 2009లో, ‘మగధీర’లో కొడుకు ఆడటానికి తండ్రి పాటను కీరవాణిగారే తిరిగి తీశారు. పిత్రార్జితంగా పొలాలూ ఇళ్లూ వస్తాయని విన్నాము. పాట రావడం అదే చూడటం.

ఏడవది ‘నాటు నాటు’. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ లోది. చంద్రబోస్ వ్రాశారు, మళ్లీ కీరవాణిగారే, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు. 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని రాజప్రాసాదం ముంగిట చిత్రించారు. 2023 మార్చిలో ఆస్కారు వచ్చింది. భారతీయ చిత్రాలలోని పాటకు ఆ బహుమతి రావడం అదే మొదలు.

ఈ పట్టీ చూసి మా స్టాఫు రూములో ఒక పెద్దమనిషి ముఖం చిట్లించారు. “త్యాగరాజస్వామీ, క్షేత్రయ్యా పుట్టిన జాతిలో ఎం.ఎ. చదివినవాడు చెప్పవలసిన పాటలా ఇవి? నోటికి పట్టేది కల్లుపాకలో పాట కూడా పడుతుంది. పట్టడం ఒక గుణమా?” అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. దానికి నాకు తోచిన సమాధానం ఇది.

పట్టడం గుణమని మన వాగ్గేయకారులే ఒప్పుకున్నారు. అన్నమాచార్యులవారు 1408 నుంచి 1503 వరకు జీవించిన మనిషి. తాళ్లపాకవారు సంకీర్తన లక్షణమే వ్రాసిన కుటుంబం; శాస్త్రం తెలియక కాదుగదా! అయినా ఆయన దంపుళ్ల సువ్విని తీసుకున్నాడు, జోలను తీసుకున్నాడు, జాజరను తీసుకున్నాడు, కోలాటాన్ని, చందమామ పాటను తీసుకున్నాడు. వాకిట్లో ఆడవాళ్ల నోట అప్పటికే నానుతున్న వరసలలో వేంకటేశ్వరుణ్ణి కూర్చోబెట్టాడు. రాగిరేకులు తిరుమల అరలో చీకట్లో కూర్చున్న శతాబ్దాలలో కూడా సువ్వి పాటలు రోకళ్ల దగ్గర బతికే వున్నాయి. ఇక సంగీత త్రిమూర్తులలో ముత్తుస్వామి దీక్షితులవారు. ఆయన అంత గంభీరులు మరొకరు లేరంటారు. అటువంటి మహానుభావుడు తెల్లవాళ్ల బ్యాండుమేళం విని, ఆ వరసలకు సంస్కృతంలో నలభై దాకా సాహిత్యాలు కట్టారు. నొట్టుస్వరాలని వాటి పేరు. దీక్షితులవారినే పట్టిన పురుగు మనల్ని పట్టడంలో తప్పేమున్నది?

అయితే ఊరికే పట్టుకోదు. ఒక పాట నోటికి ఎందుకు పడుతుందో ఆలోచిస్తే మూడు సంగతులు నాకు కనిపించాయి. మొదటిది ఎత్తుగడ, అనగా నాలుగు మాటల్లో పని పూర్తి కావడం. రెండవది నడక. మూడవది ప్రాస. నేను తెలుగువాణ్ణి గనుక చివరి రెండింటిని గురించి కాస్త గట్టిగా చెప్పగలను.

ఛందస్సు పాఠం అనగానే మా విద్యార్థుల కళ్లు మూతలు పడతాయి. గురువు, లఘువు అన్నానా, వెనక బల్లలో ఒకడు వాచీ చూసుకుంటాడు. అందుచేత నేను పుస్తకం మూసి ‘నాటు నాటు’కు బల్లమీద దరువు వేయమంటాను. అందరి వేళ్లూ లేస్తాయి. మూడు, మూడు, మూడు, మూడు. తప్పు వేసేవాడు ఒక్కడుండడు. “నాయనలారా, దీనిని తిశ్రగతి అంటారు. మన పూర్వులు ఈ మూడు మాత్రల నడకకు రగడలలో హయప్రచారమనీ, తురగవల్గనమనీ పేర్లు పెట్టారు. అంటే గుర్రం నడక, గుర్రం దౌడు. నాలుగు మాత్రలైతే మధురగతి. మూడూ నాలుగూ కలిస్తే వృషభగతి, ఎద్దు నడక. గురజాడ అప్పారావుగారు 1910లో ముత్యాలసరం నడిపించింది ఆ మూడూ నాలుగుల మీదనే” అంటాను. అప్పుడు వాచీ చూసుకునేవాడు కూడా తలెత్తుతాడు. వాడికి తెలియని శాస్త్రం వాడి వేళ్లకు తెలుసునన్నమాట. తాతలనాటి ఎద్దూ గుర్రమూ వాడి ఒంట్లో నడుస్తూనే వున్నాయి.

ఇక ప్రాస. నన్నయగారి వృత్తాలలో పాదపాదానికీ రెండవ అక్షరం కలవాలన్నది నియమం. పరీక్షకోసం వల్లెవేసి, పరీక్ష హాలులోనే వదిలివచ్చే నియమం అది. ఇప్పుడు గోదావరి గట్టు పాట తీసుకోండి. గట్టు, చెట్టు, పిట్ట. రెండవ అక్షరం చూశారా? మూడు చోట్లా ట కింద ట వత్తే. గట్టు మీదినుంచి చెట్టుకూ, చెట్టు మీదినుంచి పిట్టకూ మన మనసు ఎగరడానికి ఆ వత్తే మెట్టు. ‘నాటు నాటు’లో మర్రి, కుర్ర, ఎర్ర అనే మాటలు ఒక వరుసలో వస్తాయి. అక్కడ ర కింద ర వత్తు. దాశరథికీ, చంద్రబోసుకూ నడుమ అరవై ఏళ్లు. నన్నయకూ చంద్రబోసుకూ నడుమ దాదాపు వెయ్యేళ్లు. అక్షరం మాత్రం అదే స్థానంలో కూర్చుని వున్నది. కీవ్ నగరంలో నర్తకులు ఎగిరిన ఎగుళ్లకు కింద రాజమహేంద్రవరపు గడప వున్నదని మా పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

ఇంతవరకు పాండిత్యం. ఇక పేకాట పాట రుణం.

మా నాన్నగారు హైస్కూలు తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. మా ఇంట్లో పద్యానికి పీట, సినిమా పాటకు గడప బయటే చోటు. నేను చిన్నప్పుడు కోడిపెట్ట పాట కూనిరాగం తీస్తే, చెవి పట్టుకుని గజేంద్రమోక్షం అప్పజెప్పించుకున్న మనిషి. ఆరేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచేయీ, కుడికాలూ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయిగాని మాట పడిపోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది. జవాబు చెప్పబోతే మాట రాదు. యాభై ఏళ్లు మాటతో బతికిన మనిషి ‘నీళ్లు’ అనలేక చెంబు వైపు చూస్తూ కూర్చునేవారు. మేము ఆయన ప్రాణప్రదమైన భాగవత పద్యాలు వినిపించాము. వినేవారు. కళ్ల నీళ్లు పెట్టుకునేవారు. పెదవి మాత్రం కదిలేది కాదు.

రెండు నెలలైంది. గడ్డం గీయడానికి ఇంటికి వచ్చే అతనికి పని చేస్తూ పాడుకోవడం అలవాటు. ఆనాడు ఆయనకు నోటికి వచ్చింది ఈ పేకాట పాట. నాన్నగారి ముఖం సగం సబ్బునురుగుతో వున్నది. అతను మొదటి పాదం పాడి, కత్తి తుడుచుకోవడానికి ఆగాడు. ఆగిన చోట, రెండవ పాదం చివరిమాట నాన్నగారు అన్నారు.

అన్నారంటే, పాడారు. స్పష్టంగా, వరసతో సహా. మా అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకు వచ్చింది. అతను కత్తి కింద పెట్టి, “పంతులుగారూ, మళ్లీ” అని మొదటి పాదం మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి రెండవ పాదం సగం వచ్చింది. నురుగు ఆరిపోయిందాకా ఇద్దరూ అదే పాడుకున్నారు.

తరువాత వైద్యులను అడిగితే ఆశ్చర్యమేమీ లేదన్నారు. మాట సామాన్యంగా మెదడు ఎడమభాగాన్ని ఆశ్రయించుకుని వుంటుందట. పాటకు కుడిభాగం సాయం కూడా దండిగా అందుతుందట. ఎడమవైపు దెబ్బ తిని ఒక్క మాటా అనలేనివారు కొందరు పాట మాత్రం మాటలతో సహా పాడగలగడం వైద్యులు ఎరిగినదే. ఈ కిటుకును ఆధారం చేసుకుని 1973లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు ఒక చికిత్సాపద్ధతిని ప్రకటించారు. నిత్యం అవసరమయ్యే చిన్నచిన్న మాటలను రాగం తీసి, ఎడమచేత్తో తాళం వేయిస్తూ అనిపించడం, క్రమంగా రాగం తగ్గించి మాట మిగల్చడం. అందరికీ ఒకేలా గుణమివ్వదని కూడా చెప్పారు. మాకు ఇచ్చింది. మా అమ్మ పేకాట వరసలో ‘మంచినీళ్లు కావాలా’ అని పాడేది. నాన్నగారు అదే వరసలో కావాలనేవారు. ఓడిపోయిన పేకాటరాయుళ్ల బాణీలో మా ఇంట్లో కాఫీలు, మాత్రలు, దుప్పట్లు అన్నీ జరిగాయి. ఇరుగుపొరుగువారు ఏమనుకున్నా మేము లెక్కచేయలేదు.

పద్యానికి లొంగని తాళం ఆ పాటకు ఎందుకు లొంగింది? అప్పుడు మా అమ్మ ఒక రహస్యం బయటపెట్టింది. నాన్నగారు పద్నాలుగేళ్లప్పుడు ఆ సినిమాను టూరింగు టాకీసులో, నేలమీద కూర్చుని, ఇంట్లో తెలియకుండా మూడుసార్లు చూశారట. మరి పద్యం ఆయన పట్టుదలగా నేర్చుకున్నది. పాట ఆయన అనుమతి అడగకుండా లోపలికి పోయి కూర్చున్నది. అయితే దానిని బయటకు లాగినది ఏమిటంటారు? మొదటి పాదం చివర ఏ చప్పుడు వున్నదో, రెండవ పాదం చివరా అదే చప్పుడు వుండటం. అంత్యప్రాస. ఒకటి వినబడితే రెండవది పలికి తీరాలి. అలంకారశాస్త్రం చదివేటప్పుడు దానిని శబ్దాలంకారమని, అర్థాలంకారం కంటే ఒక మెట్టు తక్కువగా చెప్పుకుంటాము. మా ఇంట్లో మాత్రం ఆ మెట్టుమీదనే కాలు పెట్టి ఒక మనిషి పైకి వచ్చాడు.

ఇప్పుడు నాన్నగారికి మాటలు చాలావరకు తిరిగివచ్చాయి. కాస్త నిదానం, అంతే. ఒకనాడు నన్ను పిలిచి ఆ పాట ఎవరు వ్రాశారని అడిగారు. కొసరాజుగారని చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, “ప్రాస బాగా వేశాడు” అన్నారు. మా ఇంటి చరిత్రలో ఒక సినిమా పాటకు అంతటి బిరుదు అంతకుముందు రాలేదు.

కనుక, స్టాఫు రూములో పెద్దమనిషికి నా జవాబు ఇది. నోటికి పట్టడం చిన్న గుణం కాదు. అది భాష దాచుకునే దాపు. మాట పోయిన చోట కూడా మిగిలేది అదే.

అయితే నాకూ ఒక దిగులు వున్నది. పూర్వం పాట పట్టుకుంటే పల్లవితోపాటు చరణాలు కూడా పట్టుకునేవి. పాటల పుస్తకం రెండు రూపాయలు పెట్టి కొని, చూసి వ్రాసుకుని, తప్పులు దిద్దుకుని మూడో చరణం దాకా పాడేవాళ్లం. ఇప్పుడు పాటలో పదిహేను సెకన్ల ముక్కే లోకమంతా తిరుగుతున్నది. 2020లో వచ్చిన ‘అల వైకుంఠపురములో’ చిత్రంలో బుట్టబొమ్మ పాటనే చూడండి. రామజోగయ్యశాస్త్రిగారు వ్రాసింది. ఆస్ట్రేలియా క్రికెట్ ఆటగాడు డేవిడ్ వార్నర్ కుటుంబ సమేతంగా దానికి అడుగులు వేశాడు, మనమంతా మురిసిపోయాము. మా తరగతిలో ఆ అడుగులు రానివారు లేరు. “బుట్టబొమ్మ అంటే ఏమిటర్రా?” అని అడిగితే మాత్రం నిశ్శబ్దం. ఊరేగింపులలో వెదురుబుట్ట అడుగున కట్టి, పైన పెద్ద తల పెట్టి, లోపల మనిషి దూరి ఆడించే బొమ్మ అని చెప్పాను. తణుకు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, “మా వూళ్లో పెళ్లికి వచ్చాయండీ, వాటి పేరు అదని తెలియదు” అన్నది. పాట ఆ మాటను ఆ అమ్మాయి నోటిదాకా తెచ్చింది. మిగతా నాలుగడుగులు మనమే వేయాలి.

నా మటుకు నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఏ పాట అయినా సరే, నోటికి పట్టిన మరునాడు దాని రెండవ చరణం దాకా వెళ్లి చూస్తాను. అక్కడ ఏదైనా వున్నదా, లేక పల్లవే తిరిగి తిరిగి వస్తున్నదా? పైన చెప్పిన ఏడు పాటలూ ఈ పరీక్షలో నెగ్గినవి. పల్లవి చేయిపట్టి లాగితే వెళ్లినందుకు, చరణంలో పొలమో, గోదావరో, విందుభోజనమో, నవ్వో, బుద్ధో ఏదో ఒకటి ఆకులో వడ్డించి పెట్టినవి. లాగి, గుమ్మంలో నిలబెట్టి, ఏమీ పెట్టకుండా పంపేసే పాటలు కూడా నా నోట చాలానే తిరుగుతాయి. వాటికి మాత్రం తాంబూలం వేసుకుంటాను.

పాఠకులలో ప్రతివారికీ ఇలాంటి పట్టీ ఒకటి వుండే వుంటుంది. కాగితంమీద పెట్టి చూడండి. ఒక్కొక్క పాట ఎదుట, దానిని మీరు ఎవరి నోట మొదట విన్నారో కూడా వ్రాయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల పట్టీ అడిగి తీసుకోండి. మొదట లేదంటారు, రెండుసార్లు అడగాలి. అది ఎప్పుడు ఎవరికి అవసరపడుతుందో చెప్పలేము. మా ఇంట్లో ఇప్పుడు నాన్నగారి పట్టీ బీరువాలో, ఇంటి దస్తావేజుల పక్కన వున్నది. పద్నాలుగు పాటలు. పన్నెండు సినిమావే.